పుటాఫ్ అంటేను ఉయ్యాలో

తంగేడు ఆకు నలిగిన వాసన ముక్కుకు తగిలితే నాకు ఇంగ్లీషు గుర్తొస్తుంది. నవ్వితే నవ్వండి, నిజం మాత్రం అదే. మొన్న పెద్దల అమావాస్య ముందు రోజు బజారులో ఒకామె గోనెపట్టా మీద తంగేడు కట్టలు పోసుకుని అమ్ముతుంటే ఒక కట్ట చేతిలోకి తీసుకున్నాను. ఆ పచ్చి వాసన, వగరు, దాని వెనక సన్నటి చేదు, అన్నీ కలిసి ఒక్కసారిగా తగిలాయి. నాలుక మీదికి దానంతటదే 'పుటాఫ్ అంటేను ఉయ్యాలో' వచ్చేసింది. పైకే అన్నట్టున్నాను, ఆమె నన్ను ఎగాదిగా చూసి "ఏమంటాన్నవ్ అక్కా" అంది. ఏం లేదు, పాత పాట అన్నాను. మా చిన్నప్పుడు తంగేడును ఎవరూ కొనలేదు. ఊరి బయటికి నడిచి, గుట్టల పక్కన విరగబూసిన చెట్ల మధ్య దూరి, ఒళ్ళంతా గీరుకుపోయేలా కోసుకొచ్చేవాళ్ళం. తంగేడుకు బేరమాడాల్సి వచ్చిందే అని నాకు ఒళ్ళు మండింది. అయినా కొన్నాను.

డెబ్బైల మొదట్లో మేం వరంగల్‌లో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. మా బాపు బట్టల మిల్లులో పనిచేసేవాడు. మిల్లు కూత పెడితేనే మా వాడలో పొయ్యిలు వెలిగేవి, ఆ కూతతోనే పిల్లలం బడికి బయలుదేరేవాళ్ళం, గోడ గడియారం ఉన్నవాళ్ళు కూడా కూతనే నమ్మేవాళ్ళు. ఎండాకాలం వాకిట్లో నీళ్ళు చల్లి నులక మంచాలు వాల్చుకుంటే తడిసిన మన్ను వాసన దుప్పట్లకు పట్టేది. వానాకాలం గోడలకు నాచు పాకి, కుంపటి మీద మక్కకంకులు చిటపటమని కాలేవి. వానలు వెనకబట్టేసరికి సీతాఫలాలు దిగేవి. ములుగు దిక్కు నుంచి గంపలు మోసుకొచ్చే ఆడవాళ్ళు, మెత్తటివి ఇయ్యాలనే తినండి, గట్టివి బియ్యంలో పెట్టుకోండి అని చెప్పి మరీ అమ్మేవాళ్ళు. అలాంటి ఒక సీతాఫలాల కాలంలోనే, నేను మూడో తరగతిలో ఉండగా, మా చిన్నమ్మ బతుకమ్మ పండుగకని పరకాల నుంచి మా ఇంటికి వచ్చింది. వచ్చింది మళ్ళీ పోలేదు.

చిన్నమ్మ అంటే అమ్మకు చెల్లెలు, సరోజన. తొమ్మిదో తరగతి అయీ కాకముందే పెళ్ళి చేశారు. మొగుడికి పరకాల బజారులో దుకాణం ఉండేది. కోపం వస్తే నోటికంటే ముందు చెయ్యి లేచే మనిషి. పండుగకు తలంటు పోస్తూ అమ్మ ఆమె వీపు చూసింది. చెంబు పక్కన పెట్టేసి, కొంగు నోట్లో కుక్కుకుని, చాలాసేపు ఆ బండమీదే కూచుండిపోయింది. సాయంత్రం బాపు వచ్చాక ఒక్కటే మాట చెప్పింది: "అది ఇగ ఆడికి పోదు." మా బాపు ఇంట్లో ప్రతిదానికీ అడ్డం పడే మనిషి, పుల్లపెట్టందే నిద్రపోడు. దీనికి మాత్రం అడ్డం పడలేదు. అందుకే ఆయన మీద నాకున్న కోపాలన్నీ ఎప్పుడో మాఫీ అయిపోయాయి.

అంత తేలిగ్గా ఒప్పుకోనిది మా తాత, అమ్మవాళ్ళ నాయన. స్టేషన్ ఘన్‌పూర్‌లో వ్యవసాయం. చెడ్డవాడు కాదు, నలుగురి నోటికి జడిసే మనిషి. చిన్నమ్మ ఆ ఏడాదంతా మా ఇంట్లో కూచుని పదో తరగతి చదివి ప్రైవేటుగా రాసింది. అన్నీ గట్టెక్కాయి, ఇంగ్లీషు ఒక్కటి తప్పింది. ఆ సంగతి తెలిసి తాత ప్యాసింజరు రైలెక్కి వచ్చి, కండువా దులిపి అరుగు మీద వేసుకుని కూచున్నాడు.

"ఇంకొక్కసారి సూస్త బిడ్డా. దసరా అయినంక పరీక్షున్నదట గద. అండ్ల పాసైతే నర్సు ట్రైనింగుకు నేనే తోల్కపోత. తప్పితే మాత్రం పరకాలకు పోవాలె. వాళ్ళకు నలుగుట్ల మాటిచ్చిన."

చిన్నమ్మ తలెత్తలేదు. "సరె నాయనా" అంది. తాత వెళ్ళిపోయాక అమ్మ ఆమెను వెంటబెట్టుకుని సందు చివరి ఇంటికి, ఖాదర్ సార్ దగ్గరికి పోయింది. నేను వాళ్ళ వెనకే పోయాను, నన్నెవరూ రమ్మనలేదు.

ఖాదర్ సార్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా ఇస్త్రీ మడత నలగని తెల్ల పైజామాలో ఉండేవారు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, ఇంగ్లీషును ప్రేమించి, పిల్లలను మాత్రం తెలుగులో తిట్టేవారు. రంజాన్‌కు వాళ్ళింటి నుంచి మాకు గిన్నెడు షీర్ ఖుర్మా వచ్చేది. బతుకమ్మకు మా ఇంటి నుంచి వాళ్ళకు మలీద ముద్దలు పోయేవి, జొన్నరొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసినవి. ఆయన ఆ ముద్దలను చాయలో ముంచుకుని తినేవారు. అలా తినేవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

"ఏడ తప్పుతాన్నవ్ బిడ్డా" అని అడిగారు సార్. చిన్నమ్మ పాత ప్రశ్నపత్రం చూపించింది. వ్యాసం రాయగలదు, లీవ్ లెటర్ రాయగలదు. ఆమెను ముంచింది జంట మాటలు. ముందొక క్రియ, దాని వెనక తోకలాగా అప్ అనో ఆఫ్ అనో డౌన్ అనో ఒక చిన్న ముక్క. ముందుదానికి అర్థం తెలుసు, తోకకూ తెలుసు, రెండూ కలిస్తే మాత్రం ముఖం తెలియని మూడో మనిషి వచ్చి నిలబడేవాడు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. గివ్ అప్ అంటే వదిలిపెట్టడం ఎట్లయితుంది సార్, అని చిన్నమ్మ ఏడుపు గొంతుతో అడిగింది.

"మన దగ్గర మాత్రం లేదా?" అన్నారు సార్. "ముసలాయన కాలం జేసిండు అంటం. ఏం జేసిండు, కాలాన్ని కుండల జేసిండా? చెయ్యి చేసుకున్నడు అంటం, ఏం చేసుకున్నట్టు? మాటలు గూడ సంసారం జేస్తయి బిడ్డా. కలిసి బతికి బతికి, పుట్టింటి మొఖం మర్చిపోతయి."

ఆయన దగ్గర చదువు మొదలయ్యాక నాకు తెలిసిందేమిటంటే, ఆయన అర్థం చెప్పరు, ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్తారు. హ్యాంగ్ అప్ దగ్గర, టెలిఫోను కొత్తగా వచ్చినప్పుడు గోడకు ఉండేదనీ, విన్నాక చెవి ముక్కను కొక్కేనికి తగిలించేవాళ్ళనీ చెప్పి, తన గొడుగును గోడ మేకుకు తగిలించి చూపించారు. "ఇప్పుడు బల్లమీద పెడుతున్నరు, మాట మాత్రం ఇంక కొక్కేనికే ఉన్నది" అన్నారు. పుట్ ఆఫ్ అంటే ఇప్పుడు వాయిదా వేయడమే గానీ, పాతకాలం పుస్తకాల్లో చెప్పులు విడిచినా, అంగీ విప్పినా పుట్ ఆఫ్ అనే రాసేవాళ్ళట. తర్వాత ఆ పనిని టేక్ ఆఫ్ గుంజుకున్నదట. లుక్ ఆఫ్టర్ అంటే మొదట్లో అరుసుకోవడం కాదట. పోతున్న మనిషి వెనక, కనుమరుగయ్యేదాకా చూపు నిలపడమట. "అట్ల సూసుకుంట సూసుకుంటనే, సూసుకునుడు అయింది" అన్నారు. కొన్నింటి పుట్టుక ఆయనకూ తెలియదు. అప్పుడు ముక్కుపొడి పట్టు పట్టి, "తెల్వది బిడ్డా, బట్టీ కొట్టు" అనేవారు. గివ్ అప్ అలాంటిదే.

కాల్ ఆఫ్ చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. వేటకు పోయిన దొరలు కుక్కలను జంతువు మీదికి ఉసిగొలిపి, ఇక చాలనుకుంటే కేకేసి వెనక్కి పిలిచేవాళ్ళనీ, అందుకే కాల్ ఆఫ్ అంటే జరుగుతున్నదాన్ని ఆపేయడమనీ సార్ చెప్తున్నారు. వాకిట్లో జామచెట్టు కింద నేను తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకుంటున్నాను. చిన్నమ్మ పెన్సిలు కింద పెట్టి, చాలా మామూలుగా, "పరకాలల మా అత్తమ్మ, మా మామ అందరు ఆడనే కూసుండి ఉండేటోళ్ళు సార్. ఒక్కలు గూడ వెనుకకు పిలువలె" అంది. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ పూటకు పుస్తకం మూసేశారు. నాకు అప్పుడు అర్థం కాలేదు, కానీ బిళ్ళ విసరబుద్ధి కాలేదు.

ఇన్ని కథలు విన్నా, రాయడానికి కూచుంటే ఆమెకు తోకలు తారుమారయ్యేవి. కాల్ వెనక అప్, గివ్ వెనక ఆఫ్. బతుకమ్మ దగ్గరపడుతోంది, పరీక్షా దగ్గరపడుతోంది. ఒక సాయంత్రం వాకిట్లో గునుగుపూలు కట్టలు కట్టి రంగునీళ్ళలో ముంచుతున్నాం. మా వేళ్ళు మోచేతుల దాకా గులాబీ, ఊదా. ఊరికే ఉండలేక నేను చప్పట్లు కొడుతూ పాట మొదలుపెడితే, చిన్నమ్మ దానిలోకి తన చదువును తోసేసింది.

"గివ్వప్ అంటేను ఉయ్యాలో, వదిలిపెట్టుడమ్మ ఉయ్యాలో. పుటాఫ్ అంటేను ఉయ్యాలో, వాయిద ఏసుడమ్మ ఉయ్యాలో. లుకాఫ్టరంటేను ఉయ్యాలో, అరుసుకునుడమ్మ ఉయ్యాలో."

మా ఇద్దరికీ నవ్వాగలేదు. కానీ మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తూ ఆమె అదే పాటను మొదటినుంచి చివరిదాకా ఒక్క తోక జారకుండా అనేసింది. అంతే, ఇక ఆగలేదు. పిండి రుబ్బుతూ అదే, నీళ్ళు చేదుతూ అదే, అన్నం వారుస్తూ అదే. ఖాదర్ సార్ విని, చెవి మీద చెయ్యి పెట్టుకుని, "తోబా తోబా, ఇంగ్లీషోడు ఇంటే ఓడెక్కి పారిపోతడు" అన్నారు గానీ, కూర్చుని కొత్త మాటలు అందించారు.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నుంచి మా వాడలో ప్రతి సాయంత్రం బతుకమ్మలను వాకిళ్ళ మధ్య దించి ఆడేవాళ్ళం. తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతిపూల వాసన, వెలిగించిన అగరొత్తుల పొగ, కొత్త చీరల గంజి వాసన, పక్కనే మూతపెట్టిన సత్తుపిండి గిన్నెలు. ఒకామె చెప్తే మిగతావాళ్ళు అందుకోవాలి, అదీ పద్ధతి. చిన్నమ్మకు మంచి గొంతు, అందుకని ఆమెనే చెప్పమనేవాళ్ళు. ఒక రోజు చెప్పీ చెప్పీ, సీత పాట అయిపోయాక, ఆమె మెల్లగా గివ్వప్ ఎత్తుకుంది. అమ్మలక్కలంతా ఒక్క క్షణం అడుగు తడబడి, మళ్ళీ సర్దుకుని, వంగి చప్పట్లు కొడుతూ "గివ్వప్ అంటేను ఉయ్యాలో" అని అందుకున్నారు.

"ఇదేం పాటనే పోరీ, గౌరమ్మకు తెలుస్తదా?" అంది ముసలి ఎల్లమ్మవ్వ, తిరగడం మాత్రం ఆపకుండా.

"తెల్వకపోతే నేర్సుకుంటది అవ్వా, నేను నేర్సుకోలేదా" అంది చిన్నమ్మ. ఆ ఏడాదిలో ఆమె నలుగురిలో పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూసింది ఆ రోజే. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి అక్షరం ముక్క రాని ఆడవాళ్ళు కూడా చెరువు దాకా దారి పొడుగునా బ్రేక్‌డౌన్, బ్రింగప్ అంటూ నడిచారు. సార్ తన గడప దగ్గర నిలబడి, మా ఊరేగింపు దాటిపోయేదాకా వింటూనే ఉన్నారు.

పరీక్ష రోజు చిన్నమ్మ నవ్వుముఖంతో వచ్చింది. జంట మాటలు వచ్చాయి, అర్థాలు రాసి సొంత వాక్యాలు కూడా రాయమన్నారు, అన్నీ రాశాను అక్కా అంది. కాళ్ళు కడుక్కోవడానికి గోళెం దగ్గరికి పోయి, ఏమేం రాసిందో పాడుతూ అప్పజెప్తోంది. సగంలో ఆగిపోయింది. చెంబులోని నీళ్ళు కాళ్ళ మీద కాకుండా పక్కన పారుతున్నాయి.

"అక్కా, నేను ఉయ్యాలో అని రాసిన."

"ఏడ?" అంది అమ్మ.

"పేపర్ల. పాడుకుంట పాడుకుంట రాసిన గద. ఇంగ్లీషు అక్షరాలల్లనే రాసిన, ప్రతి వాక్యం ఎనుక. ఎన్నిట్ల రాసిననో ఏమో."

ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తుంది, ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అమ్మ నన్ను ఖాదర్ సార్ కోసం పరిగెత్తించింది. ఆయన వచ్చి, విని, మొదట నమ్మలేదు, తర్వాత కుర్చీలో కూలబడ్డారు. "ఈడి పేపర్లు ఈడ దిద్దరు బిడ్డా, ఏ జిల్లాకో పోతయి. సముద్రం దిక్కు పోయినయనుకో, ఆడ బతుకమ్మ లేదు. దిద్దెటోనికి అదేదో పిచ్చి రాత లెక్క కనపడ్తది" అన్నారు. ఆయనకు అబద్ధం చెప్పి ఓదార్చడం చేతకాదు. లేచి పోతూ, "జర ధైర్యం పట్టు. నేను గూడ శాన కట్టలు దిద్దిన. దిద్దెటోడు గూడ ఒక తల్లి కన్న మనిషే" అన్నారు.

ఆ తర్వాతి రోజులు నాకు బాగోలేవు. చిన్నమ్మ పాట మానేసింది. అడిగినా, అడగకపోయినా ఇంటెడు చాకిరీ చేసేది, అలికిన చోటే మళ్ళీ అలికేది. పని ఎక్కువ చేస్తే ఉండనిస్తారేమో అనుకుంటున్నట్టు. పరకాల నుంచి రిజల్టు దాకా ఆగుతాం అని కబురొచ్చింది. దీపావళికి నా కొత్త గౌను మీద కూడా నాకు మనసు లేదు. ఆమె రేకుపెట్టె తెరిచి చీరలు తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచి పెడుతుంటే, ఆ పెట్టెను ఎత్తుకెళ్ళి బావిలో పడెయ్యాలనిపించేది. నిజంగా అనిపించేది.

చలి ముదిరాక ఒక పొద్దున బాపు రాత్రి షిఫ్టు దిగి, పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు. నంబరు చూశావా అని అమ్మ అడిగితే పేపరు తీసి చిన్నమ్మ చేతికిచ్చాడు. ఆమె వేలు నంబర్ల మీద పాకుతూ పోయి ఒకచోట ఆగింది. ఆగిన వేలు అక్కణ్ణించి లేవలేదు. అమ్మ వెళ్ళి ఆమె తలను తన పొట్టకు అదుముకుంది. ఇద్దరూ ఏడ్చారు, చూసి నేనూ ఏడ్చాను, బాపు దండెం మీది తువాలు తీసుకుని స్నానానికి పోయాడు.

తర్వాత మార్కులు వస్తే తెలిసింది, ఇంగ్లీషు అంచు పట్టుకుని గట్టెక్కింది. ఖాదర్ సార్ ఆ కాగితాన్ని కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఎవ్వడో మారాజు" అన్నారు. "ఎవ్వడో ఎందుకైతడు సార్, ఎవ్వతో" అంది అమ్మ. ఎవరో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఏ ఊళ్ళోనో, ఎవరింటి దీపం కిందో, ఒక మనిషి ఎర్ర పెన్ను పట్టుకుని ఒక పిల్ల రాసిన ఉయ్యాలో చదివి, ఒకసారి ఆగి, ముందుకు పోయారు. ఆ ఆగడంలో మా చిన్నమ్మ బతుకు ఉంది.

తాత మాట తప్పలేదు, తానే వచ్చి ట్రైనింగుకు తోలుకుపోయాడు. రిక్షా సందు మలుపు తిరిగేదాకా, తిరిగాక కూడా, ఖాదర్ సార్ గడప దగ్గర నిలబడే ఉన్నారు. పరకాల సంగతి మెల్లగా పెద్దమనుషుల మధ్యనే తెగిపోయింది. చిన్నమ్మ నర్సయి ములుగు పక్క అడవి ఊళ్ళలో పనిచేసింది, జీపు పోని చోటికి నడిచిపోయి కాన్పులు చేసింది. ఎనభైల చివర్లో సార్ మంచాన పడ్డారని తెలిసి సెలవు పెట్టి వచ్చి, ఆఖరిదాకా తానే మందులు పోసి, పక్క మార్చింది. జనాజా వెంట ఆడవాళ్ళు పోరు. మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ ఎత్తుకుపోతుంటే చిన్నమ్మ ఆయన నిలబడే గడప దగ్గరే నిలబడి, మలుపు తిరిగేదాకా, తిరిగాక కూడా చూస్తూ ఉంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకునేదాకా కదల్లేదు.

ఇప్పుడా గడప లేదు, జామచెట్టు లేదు. మిల్లు కూత ఆగి ఎన్నాళ్ళయిందో. మా వాడలో బతుకమ్మకు పెద్ద పెద్ద స్పీకర్లు పెడుతున్నారు, పాట డబ్బాలోంచి వస్తుంది, ఎవరూ చెప్పరు, ఎవరూ అందుకోరు. పోయేవాళ్ళను మలుపు దాకా చూసే ఓపిక ఎవరికుంది, చేరావా అని ఫోనులో అడిగితే సరిపోతుంది. నేను ఇంగ్లీషు టీచర్నయ్యాను, ఇంకేం అవుతాను. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌కు పోయి పదో తరగతి పేపర్లు కట్టలు కట్టలు దిద్దాను. ప్రతి కట్టలో, ఏ పిల్లయినా పాడుకుంటూ రాసి ఉంటుందా అని వెతికాను. చుట్టూ ఉన్న టీచర్లు నాది చాదస్తమనుకునేవాళ్ళు. రాను రాను గుండ్రాలు చుట్టే బిట్లు పెరిగిపోయి, పిల్లలకు తమ మాట రాసుకునే జాగానే తగ్గిపోయింది.

తంగేడు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి ములుగు నుంచి చిన్నమ్మ ఫోను. ఏటా ఈ రోజుల్లో చేస్తుంది, ఏటా ఒకటే అడుగుతుంది.

"ఈ యేడన్న దొరికిందానే?"

"లేదు చిన్నమ్మా. ఇగ దొరకది గూడ. ఎండాకాలం రిటైరైన గద, ఇగ దిద్దుడు లేదు."

"నీ ఎనుక దిద్దెటోళ్ళకు చెప్పి పెట్టు మరి" అంది. "ఏ పిల్లనన్న అట్ల రాస్తే జర ఆగి సదువుమను. ఆ పిల్లకు ఎన్కకు పోనీకి ఇల్లు ఉన్నదో లేదో."